అయిదు పూటల నమాజు – ఒక పూట లెక్క

హైదరాబాద్ పాతబస్తీలో గడియారాలకు కొదవ లేదు. చార్మినార్ నాలుగు ముఖాల మీద 1889లో గడియారాలు అమర్చారు. దానికి దగ్గర్లోనే మహబూబ్ చౌక్‌లో నవాబ్ ఆస్మాన్ జా 1892లో గడియార స్తంభం కట్టించారు. సాలార్ జంగ్ మ్యూజియంలోని గడియారం దగ్గర గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. మధ్యాహ్నం పన్నెండు అవుతుందనగా దాన్ని చూడటానికి జనం గుమిగూడతారు. వీటన్నిటికీ మించి ప్రతి వీధిలోని మసీదు నుంచీ రోజుకు అయిదుసార్లు అజాన్ వినిపిస్తుంది. కాలం గడిచిపోతోందని ఇన్నిసార్లు, ఇన్ని విధాలుగా గుర్తు చేసే ఊరు మరొకటి ఉంటుందా?

అయినా మన దగ్గర అన్నిటికంటే చవకగా ఖర్చయ్యేది కాలమే. హైదరాబాదీ ఉర్దూలో ‘పర్సోఁ’ అనే మాట ఉంది. నిఘంటువులో దాని అర్థం మొన్న, లేదా ఎల్లుండి. మన నోట్లో మాత్రం అది పోయిన వారం కావచ్చు, పోయిన నెల కావచ్చు, పదేళ్ల కిందటి సంగతి కూడా కావచ్చు. దీని మీద ఇతర ప్రాంతాల వారు మనల్ని ఆట పట్టిస్తారు, మనమూ నవ్వుకుంటాం. నవ్వుకోవడంలో తప్పు లేదు. కాని మాటలో ఉన్న ఆ పట్టింపులేనితనం బతుకులోకి కూడా వచ్చేస్తే అప్పుడు నవ్వవలసిన విషయం కాదు.

నష్టం ఎవరికి?

పెళ్లి కార్డు మీద ‘బాద్ నమాజె ఇషా’ అని అచ్చువేస్తారు. పెళ్లికొడుకు హాలుకు చేరేసరికి పదకొండు. దస్తర్‌ఖ్వాన్ పరిచేసరికి అర్ధరాత్రి. అప్పటికి పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోతుంటారు. మరునాడు ఫజర్ నమాజు పోతుంది, పిల్లల బడి పోతుంది, రోజు కూలీ మీద బతికేవాడికి ఆ రోజు కూలీ పోతుంది. ఒక్క విందు వల్ల వందల కుటుంబాల మరుసటి రోజు మునిగిపోతుంది. శుభకార్యాల కాలంలో ఇది వారానికి రెండు మూడుసార్లు జరిగితే నష్టం ఎంతో పాఠకులే లెక్క కట్టుకోవచ్చు.

ఇక యువకుల సంగతి. అర్ధరాత్రి దాటాక కూడా ఇళ్ల ముందు అరుగుల మీద కూర్చుని ఉండే కుర్రవాళ్లను పట్టుకెళ్లి తల్లిదండ్రుల సమక్షంలో హితబోధ చేయడానికి 2015లో పాతబస్తీ పోలీసులు ‘మిషన్ చబుత్రా’ పేరుతో ఒక కార్యక్రమమే చేపట్టారు. ఆ పద్ధతి సరైనదా కాదా అన్నది వేరే చర్చ. మన పిల్లలను ఇంటికి రమ్మని చెప్పవలసిన పని పోలీసుల దాకా ఎందుకు వెళ్లింది అన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న. ఇప్పుడు అరుగు స్థానాన్ని చాలావరకు సెల్‌ఫోన్ ఆక్రమించింది. పిల్లవాడు ఇంట్లోనే ఉంటాడు, దుప్పటి కింద రెండు గంటల దాకా తెర చూస్తాడు. అరుగు మీద ఉన్నప్పుడు కనీసం ఎక్కడున్నాడో తెలిసేది!

పెద్దల సంగతి కూడా చూద్దాం. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి తేదీ దాటిన మరునాడు కాగితాలు వెతుకుతాం. ప్రయాణం ఖాయమయ్యాక పాస్‌పోర్టు గడువు చూస్తాం. షుగరు, బీపీ మందులు అయిపోయిన నాలుగు రోజులకు గుర్తొస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ సోమరితనం వల్ల జరిగింది కాదు. ఆ ఇంట్లో మనుషులు పొద్దస్తమానం శ్రమిస్తూనే ఉంటారు. ఏ పని ముందు, ఏ పని వెనుక అన్న ఏర్పాటు లేకపోవడమే అసలు లోపం.

కాలం ఒక అమానతు

దివ్య ఖుర్‌ఆన్‌లోని 103వ సూరా ‘అల్ అస్ర్’. మూడే మూడు ఆయతులు. అల్లాహ్ కాలం మీద ప్రమాణం చేసి, విశ్వాసం, సత్కార్యాలు, సత్యబోధ, సహనబోధ గలవారు తప్ప మానవుడు నష్టంలోనే ఉన్నాడని హెచ్చరిస్తున్నాడు. మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా ఈ సూరా కంఠతా వస్తుంది. నమాజులో తొందరగా ముగుస్తుందని దీన్ని చదివేవారూ ఉన్నారు! త్వరగా ముగించడానికి ఎంచుకున్న సూరాయే త్వరగా కరిగిపోయే ఆయుష్షు గురించి మాట్లాడుతోందని మనం గమనించం.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో ఎక్కువ మంది మోసపోతారని చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. అందుకే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. పోయిన పూట తిరిగి రాదు. దానికి మాత్రం తలుపే ఉండదు.

రాసిపెట్టుకోవడం ధర్మమే

పనులను మనసులోనే మోయడం మన అలవాటు. ‘గుర్తుంటుందిలే’ అంటాం. ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు బఖరా సూరాలోని 282వ ఆయతు. అది దేని గురించి? గడువు పెట్టుకుని చేసిన అప్పును రాసిపెట్టుకోండి అన్న ఆదేశం గురించి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోవద్దని కూడా అందులో తాకీదు ఉంది. వీలునామా చేయవలసిన ఆస్తి ఉన్న ముస్లిం అది రాసి దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ద్వారా వచ్చిన హదీసు ఇది. జ్ఞాపకశక్తికి పేరు మోసిన అరబ్బులకే రాసుకోమని చెప్పిన ధర్మం, మతిమరుపుగాళ్లమైన మనకు మినహాయింపు ఇస్తుందా?

అందుకని మొదటి మెట్టు ఒక చిన్న నోటు పుస్తకం. చేయవలసిన ప్రతి పనీ అందులో ఎక్కాలి. కరెంటు బిల్లు, అమ్మ కంటి పరీక్ష, కిరాణా కొట్టు బాకీ, పిల్లవాడి బడిలో టీచరును కలవడం, అలిగిన బావమరిదికి ఫోను చేయడం, తప్పిపోయిన నమాజుల ఖజా, అన్నీ ఒకేచోట. ఫోనులో రాసుకునేవారు ఫోనులోనే రాసుకోవచ్చు. కాని ఫోను తెరిస్తే పని గుర్తు రాకముందే పది వీడియోలు పలకరిస్తాయి. పుస్తకానికి ఆ జబ్బు లేదు.

ముందేది, వెనుకేది?

రాసిన తర్వాత వరుస పెట్టాలి. ఈ విద్య ముస్లింలు ఎక్కడో నేర్చుకోనక్కర్లేదు. మన ఫిఖ్‌హ్ శాస్త్రంలోనే పనులకు అంతస్తులు ఉన్నాయి. ఫర్జ్, వాజిబ్, సున్నత్, ముస్తహబ్, ముబాహ్, ఆ తర్వాత మక్రూహ్, హరామ్. మదర్సాలో మొదటి ఏళ్లలోనే ఈ మాటలు నేర్పుతాం. అయితే వీటిని వుజూకు, నమాజుకు మాత్రమే అన్వయించి, తక్కిన దినచర్యను గాలికి వదిలేస్తున్నాం.

అదే కొలతతో మన నోటు పుస్తకాన్ని చూద్దాం. అప్పు గడువుకు తీర్చడం, పనివాడికి కూలీ ఇవ్వడం, తల్లిదండ్రుల మందులు, భార్యాబిడ్డల పోషణ ఇవి తప్పనిసరి బాధ్యతలు. బంధువును పలకరించడం, రోగిని పరామర్శించడం గొప్ప పుణ్యకార్యాలు. హోటల్లో ఇరానీ చాయ్ తాగుతూ మిత్రులతో కూర్చోవడం ముబాహ్, అంటే చేస్తే తప్పు లేదు, చేయకపోయినా తప్పు లేదు. అది తన హద్దులో ఉన్నంతవరకు ఎవరూ కాదనరు. కాని పనివాడి కూలీ బాకీ పెట్టి మూడు వందల మందికి దావత్ ఇచ్చేవాడు ఫర్జ్ నమాజు వదిలి నఫిల్ చదువుతున్నవాడితో సమానం. కూతురి కాలేజీ ఫీజుకు డబ్బు లేదంటూ కొడుకు పెళ్లిలో బరాత్‌కు లైట్లు పెట్టించేవాడి వరుస కూడా తలకిందులైనదే.

ఆరాధనల్లో మునిగి హక్కులను మరిచేవారికి కూడా ఇస్లాం పగ్గం వేసింది. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు అంటూ ఇల్లాలిని పట్టించుకోకపోవడం చూసి హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆయనను ఆపారు. ప్రభువుకు హక్కు ఉంది, నీ శరీరానికి హక్కు ఉంది, నీ ఇంటివారికి హక్కు ఉంది, ఎవరి హక్కు వారికి చెల్లించు అని నచ్చజెప్పారు. ఈ మాట దైవప్రవక్త (స) దాకా వెళ్తే, సల్మాన్ చెప్పింది నిజమేనని ఆయన సమర్థించారు. జల్సాలు, ఇజ్తిమాలు అంటూ నెలల తరబడి ఇంటి ముఖం చూడని సోదరులు ఈ సంఘటనను మనసు పెట్టి చదవాలి.

రోజుకు అయిదు గుంజలు

నమాజును విశ్వాసుల మీద నిర్ణీత వేళల్లో విధిగావించినట్లు నిసా సూరా 103వ ఆయతు చెబుతోంది. అయిదు వేళలంటే రోజు అనే పందిరికి అయిదు గుంజలు. ‘సాయంత్రం వస్తా’ అంటే నాలుగో, ఎనిమిదో తెలియదు. ‘అసర్ తర్వాత వస్తా’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. ఈ పందిరి రుతువులను బట్టి సర్దుకుంటుంది కూడా. మన నగరంలో జూన్‌లో 5.40 ప్రాంతంలో పొద్దు పొడిస్తే, జనవరిలో 6.50 ప్రాంతంలో పొడుస్తుంది. దాన్ని బట్టి ఫజర్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది, దానితో పాటు మన నిద్ర వేళ కూడా జరగాలి.

ఫజర్ నుంచి బడి వేళ వరకు మనసు తేటగా ఉంటుంది. కష్టమైన పాఠం, లెక్కల పని, ఖుర్‌ఆన్ పారాయణం అప్పుడే పెట్టుకోవాలి. తన ఉమ్మత్‌కు తొలి పొద్దులో శుభం కలిగించమని దైవప్రవక్త (స) ప్రార్థించారు. ఆ హదీసును చెప్పిన హజ్రత్ సఖ్ర్ గామిదీ (రజి) స్వయంగా వర్తకుడు. తన సరుకును తెల్లవారగానే పంపేవారనీ, సంపన్నుడయ్యారనీ అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. మన బజార్లలో షట్టర్లు పదకొండు దాటితే గాని లేవవు. ఆ తొలి పొద్దు శుభం ఎవరి ఇంటికి పోతోంది?

పొద్దుటి నుంచి జుహర్ వరకు బయటి పనులు, ఆఫీసుల పనులు. జుహర్ తర్వాత వీలైనవారికి కాసేపు కునుకు. ఖైలూలా సున్నతే. అసర్ తర్వాత ఇంటి అవసరాలు, పరామర్శలు. మగ్రిబ్ నుంచి ఇషా వరకు పిల్లలతో కూర్చోవడం, వారి చదువు. ఇషాకు ముందు నిద్రను, ఇషా తర్వాత కబుర్లను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. విద్య కోసం, అతిథి కోసం, ఇంటివారితో మాట్లాడటం కోసం మినహాయింపు ఉందని ఉలమాలు వివరించారు. అరుగు మీద కాలక్షేపానికి మాత్రం మినహాయింపు దొరకదు.

వర్తకుడి ఉదాహరణ

1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో ఈ విషయం మీద ఒక ప్రకరణమే రాశారు. మనిషి తన మనసును వ్యాపారంలో భాగస్వామిగా భావించాలన్నది ఆయన పోలిక. పొద్దున భాగస్వామితో షరతు చేసుకోవాలి. పగలంతా మీద కన్ను వేసి ఉంచాలి. రాత్రి లెక్క చూడాలి. తేడా వస్తే శిక్ష వేయాలి, ఇంకా కష్టపెట్టి దారిలోకి తేవాలి, మందలించాలి. ఇలా ఆరు మెట్లు. ఆ రాత్రి లెక్కకే ముహాసబా అని పేరు. మనల్ని లెక్క అడగకముందే మన లెక్క మనమే చూసుకోవాలన్న హజ్రత్ ఉమర్ (రజి) హితవు కూడా ఇదే.

పత్తర్‌గట్టీలో, లాడ్ బజార్‌లో దుకాణదారులకు ఈ పోలిక విడమరిచి చెప్పనక్కర్లేదు. చిట్టా కట్టకుండా, గల్లా లెక్క చూడకుండా దుకాణం మూసేవాడు ఎవడైనా ఉంటాడా? పది రూపాయల తేడా వస్తే రాత్రి నిద్ర పట్టదు. పది గంటలు పోయినా మాత్రం హాయిగా నిద్ర పడుతుంది!

గజాలీ మరో మేలు చేశారు. అందరికీ ఒకే దినచర్య రుద్దలేదు. పండితుడికి ఒకటి, విద్యార్థికి ఒకటి, పాలకుడికి ఒకటి, చేతిపని మీద బతికేవాడికి మరొకటి అన్నారు. కుటుంబాన్ని పోషించవలసిన పనివాడు పని వేళలో పనిలోనే ఉండాలని, ఇంటివారిని పస్తు పెట్టి ఆరాధనలో గడపడం అతనికి తగదని, చేతులు పనిలో ఉండగా నాలుక మీద జిక్ర్ ఉంటే చాలని చెప్పారు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన మన లక్క గాజుల వెనుక అలాంటి చేతులే ఉన్నాయి. కొలిమి ముందు కూర్చుని లక్క కరిగించి రాళ్లు అద్దే ఆ అక్కచెల్లెళ్ల, అన్నదమ్ముల పని వేళ కూడా అల్లాహ్ దృష్టిలో వృథా కాదు.

కొన్ని అభ్యంతరాలు

‘అంతా తఖ్‌దీర్‌లో రాసి ఉన్నప్పుడు ఈ పుస్తకాలూ లెక్కలూ ఎందుకు?’ అని అడిగేవారుంటారు. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయాలా, వదిలేసి తవక్కుల్ చేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. ‘ఇన్షా అల్లాహ్’ అనే పవిత్ర వాక్యాన్ని కూడా మనం పాడుచేశాం. రేపు ఫలానా పని చేస్తానని సంకల్పించేటప్పుడు దైవచిత్తాన్ని తలచుకోమని కహఫ్ సూరా నేర్పింది. మనమేమో చేయదలచుకోని పనికి ఆ మాట వాడుతున్నాం.

మరో అభ్యంతరం న్యాయమైనది. ‘నా రోజు నా చేతిలో ఉంటే కదా!’ అని ఆటో నడిపే సోదరుడు, అడ్డా మీద పని కోసం నిలబడే కూలీ, నల్లా ఎప్పుడొస్తే అప్పుడు లేవవలసిన ఇల్లాలు అంటారు. నిజమే. కాలం అందరికీ ఒకే కొలతలో దక్కినా, దాని మీద పెత్తనం అందరికీ ఒకేలా లేదు. అలాంటి వారికి పెద్ద పట్టికలు వద్దు. రోజుకు ఒక్క ముఖ్యమైన పని ఎంచుకుని, అది పూర్తయ్యేలా చూసుకుంటే చాలు. కొద్దిగానైనా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా వచ్చిన హదీసు వీరికి గొప్ప ఊరట.

ఆడవారి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో అందరి పనుల జాబితా ఒక్క ఇల్లాలి బుర్రలోనే ఉంటుంది. ఎవరి చొక్కా ఎక్కడుందో, ఎవరి మందు ఎప్పుడో, ఏ బంధువు ఇంట్లో ఏ శుభకార్యమో అన్నీ ఆమెకే తెలియాలి. ఆ జాబితా కాగితం మీదికి వచ్చి గోడకు అంటుకుంటే, అందులో సగం పనులు భర్తా కొడుకులూ చేయదగినవేనని తెలుస్తుంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని, అజాన్ కాగానే నమాజుకు వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అంతకంటే మంచి దినచర్య మనకు ఎక్కడ దొరుకుతుంది?

రంజాన్ సాక్ష్యం

‘ఇది మనవాళ్ల వల్ల కాదు’ అనేవారికి ఒక్కటే జవాబు, రంజాన్. ఆ నెలలో పాతబస్తీలో ప్రతి ఇంటి గోడ మీద సహరీ, ఇఫ్తార్ వేళల పట్టిక ఉంటుంది. ఒక్క నిమిషం తేడా రాదు. సైరన్ మోగే వేళకు దస్తర్‌ఖ్వాన్ మీద ఖర్జూరం సిద్ధంగా ఉంటుంది. ఏడేళ్ల పిల్లవాడు కూడా గడియారం చూస్తుంటాడు. నిమిషాలు లెక్కపెట్టగలిగిన ఈ జనమే షవ్వాల్ నెల రాగానే గంటలు లెక్కపెట్టలేకపోవడం శక్తి లేక కాదు. సహరీ, ఇఫ్తార్ వేళలు అల్లాహ్‌వి, తక్కిన వేళలు మనవి అనుకోవడం వల్ల. వేళలన్నీ ఆయనవే.

వ్యక్తులు మారితే సరిపోదు, వాడ కూడా మారాలి. మసీదు కమిటీలు నికాహ్‌ను అసర్ తర్వాతో మగ్రిబ్ తర్వాతో మసీదులోనే జరిపించి, విందును ఇషాతో ముగించేలా కుటుంబాలను ఒప్పించాలి. ఖాజీ సాహెబులు చెప్పిన వేళకు వచ్చి, చెప్పిన వేళకు రమ్మనాలి. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. జల్సాల నిర్వాహకులు చట్టానికి భయపడి కాకపోయినా, పక్కింటి రోగి హక్కును తలచుకుని ఆ వేళను పాటించాలి. అర్ధరాత్రి దాకా సీరత్ మీద ప్రసంగం విని ఫజర్ పోగొట్టుకుంటే ఆ ప్రసంగం వల్ల ఒరిగిందేమిటి? మదర్సాల్లో, బడుల్లో ఉపాధ్యాయులం పిల్లలకు ముహాసబా అనే మాటకు అర్థం రాయించి ఊరుకోకుండా, రోజూ రెండు వాక్యాల లెక్క రాయించాలి.

ఈ రోజు శుక్రవారం. అజాన్ వినగానే క్రయవిక్రయాలు ఆపి నమాజుకు రమ్మనీ, నమాజు ముగిశాక భూమి మీద వ్యాపించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమనీ జుముఆ సూరా ఆదేశిస్తోంది. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో రెండూ ఒకేచోట చెప్పింది. కాబట్టి వారం లెక్క చూసుకోవడానికి జుముఆను మించిన రోజు లేదు. నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ పావుగంట కూర్చోండి. పోయిన వారం ఏ బాధ్యత మిగిలిపోయింది, వచ్చే వారం ఎవరి హక్కు ముందు చెల్లించాలి, ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ప్రతి రాత్రి ఇషా తర్వాత ఆ పుస్తకం ఒకసారి తెరవండి. అయిన పనికి ‘అల్‌హమ్దులిల్లాహ్’, కాని పనికి ‘అస్తగ్‌ఫిరుల్లాహ్’ అని, దాన్ని రేపటి వరుసలో మొదట రాసి పడుకోండి.

మనకు ఇచ్చిన ప్రతి పూటకూ ప్రళయదినాన జవాబు చెప్పుకోవలసిన వాళ్లం. ఆ రోజు కొత్తగా లెక్క కట్టుకోవలసిన దుస్థితి రాకుండా, ఇక్కడే లెక్క సరిచూసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.